నార్సింగిలో పది రోజులు

మీ అమ్మాయి నార్సింగిలో ఫ్లాటు తీసుకుని ఉద్యోగం చేసుకుంటోంది. మీరు ఏ సూర్యాపేటలోనో, కోదాడలోనో ఉంటారు. ఒకరోజు ఫోను వస్తుంది. "మొటిమల మచ్చలకి లేజరు చేయించుకుంటున్నానమ్మా. వారం సెలవు పెట్టాను. నువ్వొచ్చి ఉంటావా?" అంటుంది. అమ్మాయే కానక్కర్లేదు, అబ్బాయి కూడా కావచ్చు. మొటిమల గుంటలు మగపిల్లలకేం తక్కువ పడవు. మీరు సరేనని బ్యాగు సర్దుకుంటారు. ఈ వారం మన ప్రయాణం అక్కడికే.

ముందు ఆ బ్యాగు ఒకసారి తెరిచి చూద్దాం. ఆవకాయ జాడీ ఉండనివ్వండి. నెయ్యి సీసా ఉండనివ్వండి, అన్నంలోకి. ఇంట్లో పట్టించిన పసుపు కూడా కూరలోకైతే సరే. పెరట్లో కోసిన కలబంద మట్ట మాత్రం తీసి పక్కన పెట్టండి. శనగపిండి, వేపాకు పొడి, ఎవరో ఇచ్చిన మూలికా తైలం, ఇవి కూడా వద్దు. వాటి బదులు బాగా ఉతికి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసిన పాత నూలు దిండు గలీబులు ఓ అరడజను పెట్టండి. మెత్తటి నూలు చీర చింపి చేసిన గుడ్డలు ఓ పది పెట్టండి. ఒక గొళ్ళు కత్తిరించే కటరు, మీకోసం. ఎందుకో చెబుతాను.

సూర్యాపేట బస్సు ఎల్బీనగర్‌లో దింపుతుంది. అక్కడ మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగండి. ఆ స్టేషను 2019 నవంబరులో తెరిచారు. అక్కడితో రైలు ఆఖరు. మిగతా దూరం ఆటోలోనో, క్యాబులోనో వెళ్ళాలి. దారికి రెండు పక్కలా గాజు మేడలు. మధ్య మధ్య ఇంకా పగలగొట్టని నల్లరాతి గుండ్లు. ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా మొదటి ముక్క 2008లో తెరిచాక ఈ ఊరి రాత మారింది. నార్సింగి 2018లో మునిసిపాలిటీ అయింది. 2023లో ఔటరెక్కడానికి, దిగడానికి ఇక్కడే దారి ఇచ్చారు. ఒకపక్క కోకాపేట, ఒకపక్క పుప్పాలగూడ, కింద మూసీ, అవతల మంచిరేవుల. ఎటు చూసినా క్రేన్లు, కాంక్రీటు లారీలు, ఆకాశంలో సగం దాకా లేచిన కట్టడాలు. దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. బాల్కనీలో పొద్దున తుడిచిన కుర్చీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు.

ఈ ఊరి వర్ణన ఎందుకంటే, మీ అమ్మాయి ముఖం ఇప్పుడు ఈ దుమ్ముకీ, ఈ ఎండకీ, ఈ నీళ్ళకీ తలుపు తీసిన ఇల్లులా ఉంటుంది.

లేజరు అంటే ఏదో వెలుతురు పడుతుంది, మచ్చ మాయమౌతుంది అనుకుంటారు చాలామంది. అలా కాదు. మచ్చలకు ఎక్కువగా వాడేవాటిలో ఒకటి కార్బన్ డయాక్సైడ్ లేజరు. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబరేటరీలో కనిపెట్టినవాడు మన దేశంలో పుట్టినవాడే, బారామతికి చెందిన కుమార్ పటేల్. ఈ కిరణాన్ని నీళ్ళు బాగా పీల్చుకుంటాయి. చర్మంలో చాలా భాగం నీళ్ళే. అంచేత కిరణం తగిలిన చోట చర్మం క్షణంలో మరిగి ఆవిరైపోతుంది. అడుగున తగిలిన వేడికి కొత్త పీచు పుడుతుంది, గుంట మెల్లగా పూడుతుంది. వెనక ముఖమంతా ఒకే పొరగా లేపేసేవారు. 2004 తరవాత చుక్కలు చుక్కలుగా కొట్టే పద్ధతి వచ్చింది. జల్లెడలాగా సన్నని రంధ్రాలు పడతాయి, వాటి మధ్య మంచి చర్మం మిగులుతుంది. ఆ మిగిలిన చర్మమే పక్క రంధ్రాన్ని త్వరగా మూసేస్తుంది. ఫ్రాక్షనల్ లేజరు అంటే ఇదే. మన గోధుమ, చామనచాయ ముఖాలకు ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇదే.

ఏ పద్ధతైనా, లెక్కకు అది కాలిన పుండు. డాక్టరు కావాలని, కొలిచి కాల్చిన పుండు. చర్మం మన ఒంటికి కోటగోడ. చుక్కల పద్ధతిలో మూడు నుంచి ఆరు రోజులు, పొర మొత్తం తీస్తే పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఆ గోడకు కంతలుంటాయి. మీ కాపలా అంతా ఆ కంతలు మూసుకునేదాకానే. "లంచ్ టైములో లేజరు, సాయంత్రం ఆఫీసు" అని దారి పొడుగునా బోర్డులుంటాయి. చాలా తేలికపాటి లేజర్ల మాట అది. గుంటలు పూడ్చే లేజరుకు ఆ మాట నమ్మి మర్నాడు ఆఫీసుకు పోయేవాళ్ళే ఎక్కువగా బాధపడతారు.

మొదటి రాత్రి. ముఖం ఎర్రగా, నిప్పుల దగ్గర కూచున్నట్టు మండుతుంది. పసుపుపచ్చని నీరు ఊరుతుంది. చీము కాదది, గాభరా పడకండి. రెండో రోజు పొద్దున్నే చూస్తే కళ్ళు వాచి చీలికల్లా ఉంటాయి. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టి, వెల్లకిలా పడుకోబెడితే వాపు త్వరగా దిగుతుంది. మూడో రోజు నుంచి ముఖం గరుకు కాగితంలా, కాఫీ పొడి చల్లినట్టు అవుతుంది. ఐదారు రోజులకు ఆ పొట్టు దానంతటదే రాలుతుంది. అది గోకి తీయాలని చెయ్యి లాగుతుంది చూడండి, అక్కడ పట్టుకోవాలి మీరు. బలవంతాన లేపిన పొట్టు కింద పచ్చి చర్మం ఉంటుంది. అక్కడ మచ్చ పడితే లేజరు చేయించుకున్న ఫలితం పోయినట్టే.

ఇక నీళ్ళు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత. 1908లో మూసీకి వచ్చిన పెద్ద వరదలో నగరం మునిగిపోయాక, అలాంటి ముప్పు మళ్ళీ రాకుండా ఉస్మాన్‌సాగర్ కట్టారు. 1920లో పూర్తయింది. మనం గండిపేట చెరువనేది దాన్నే. నార్సింగికి కూతవేటు. కాని మీ అమ్మాయి పదిహేనో అంతస్తు కుళాయిలో వచ్చేది ఆ నీళ్ళేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, అన్నీ కలిసి అడుగున సంపులో, పైన ట్యాంకులో నిలవుండి వస్తాయి. స్నానానికి, గిన్నెలకు అవి చాలు. పచ్చి చర్మానికి చాలవు. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి నిలవ నీళ్ళలో, తడి స్పాంజిలో, షవరు చిల్లుల్లో హాయిగా బతుకుతుంది. గట్టి చర్మాన్ని ఏమీ చెయ్యలేదు. కాలిన చర్మం దొరికితే ఆకుపచ్చని చీము పట్టిస్తుంది. క్షయ క్రిమికి దూరపు చుట్టాలైన కొన్ని క్రిములు కూడా ఈ నీళ్ళలో ఉంటాయి. అవి వారాల తరవాత గాని బయటపడవు.

అంచేత రోజూ పొద్దున్నే ఒక గిన్నెడు నీళ్ళు బాగా తెర్లనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి. డాక్టరు సెలైను ఇస్తే అదే వాడండి. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోండి. మీ గోళ్ళు ముందే కత్తిరించుకుని ఉండాలి, కటరు తెమ్మన్నది అందుకు. ఉతికిన గుడ్డను ఆ చల్లారిన నీళ్ళలో తడిపి ముఖం మీద కాసేపు వేసి తీయండి. రుద్దకూడదు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా చేసి, వెంటనే డాక్టరు రాసిన ఆయింటుమెంటు పల్చగా రాయాలి. చాలామంది రాసేది మామూలు పెట్రోలియం జెల్లీనే. కొత్త ట్యూబు కొనండి. ఇంటిల్లిపాదీ వేళ్ళు ముంచిన పాత డబ్బా పనికిరాదు. వాడిన గుడ్డ మళ్ళీ వాడకుండా ఉడకబెట్టడానికి వేసెయ్యండి. దిండు గలీబు రోజుకొకటి. అమ్మాయి చేతిలో ఎప్పుడూ ఉండే సెల్‌ఫోనుందే, అది చెంపకు ఆనకుండా స్పీకరు పెట్టి మాట్లాడమనండి.

"అయ్యో, ఆరనివ్వకుండా జిడ్డు రాస్తే పుండెలా మానుతుంది?" అని మీకు సందేహం రావచ్చు. పుండు ఆరాలని మన పెద్దలు చెప్పినమాట నిజమే, కాని ఎండి పక్కు కట్టిన చర్మం కింద కొత్త కణాలు పాకడానికి దారి ఉండదు. తడిగా, కప్పి ఉంచిన పుండు త్వరగా మానుతుంది, మచ్చ తక్కువ పడుతుంది. జిడ్డు వల్ల ఆవగింజల్లాంటి తెల్ల పొక్కులు వస్తే అవి చీము పొక్కులు కావు, కొన్నాళ్ళకు పోతాయి. గిల్లకండి.

పసుపు మాటకొస్తాను. పసుపు క్రిముల్ని చంపుతుందనే కదా మీ వాదన. నిజమే కావచ్చు, కాని మీ డబ్బాలో ఉన్న పసుపు ఎక్కడ ఉడికింది, ఏ కళ్ళంలో ఎండింది, ఏ మిల్లులో పడింది? అందులో మట్టి, మట్టిలో ఉండే క్రిముల గుడ్డులాంటి రూపాలు కూడా ఉంటాయి. బజారు పసుపులో రంగులు కలిపిన కేసులు కూడా మనకు తెలుసు. పైగా పచ్చి చర్మానికి అది మంట, ఎలర్జీ తెస్తుంది. కలబంద జిగురూ అంతే. దెబ్బలకు చల్లే యాంటీబయాటిక్ పౌడరు ఇంట్లో ఉంటే అదీ చల్లకండి. అందులో ఉండే నియోమైసిన్ అనే మందు చాలామందికి పడదు. ఎర్రబడి, దురదపెట్టి, అది చీము పట్టిందేమోనని మరో మందు, దానికి ఇంకో మందు, అలా సాగుతుంది.

పథ్యం గురించి అడుగుతారు. వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందనేది మన ఇళ్ళలో గట్టి నమ్మకం. అలాంటిదేమీ లేదు. కొత్త చర్మం కట్టడానికి పప్పు, గుడ్డు, పాలు, పెరుగు బాగా పెట్టండి. మొదటి రెండు రోజులు నోరు పెద్దగా తెరవలేదు గనక మెత్తటి అన్నం కలిపిపెట్టండి. కారం చేతులు ముఖానికి తగలకుండా చూడండి, అంతే పథ్యం. పోపు వేసేటప్పుడు అమ్మాయిని వంటింట్లోకి రానివ్వకండి. దిష్టి తీయాలనిపిస్తే తీయండి, కాదనను. మిరపకాయలు మాత్రం ఇంట్లో కాల్చకండి. సాంబ్రాణి పొగ కూడా వద్దు. నుదుటి చర్మం మూసుకునేదాకా కుంకుమా, స్టిక్కరు బొట్టూ రెండూ పెట్టకూడదు. తలంటు తప్పనిసరైతే తల వెనక్కి వంచి, నురుగు ముఖం మీదికి రాకుండా పోయండి. కింద క్లబ్‌హౌసులో ఈతకొలను, జిమ్ము ఉంటాయి. అటు వైపు రెండు వారాలదాకా పోవద్దనండి, ఆ తరవాత డాక్టరునడిగి.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతి. జ్వరం వచ్చినప్పుడు కొందరికి పెదవి అంచున నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి, తెలుసుగా. హెర్పీస్ అనే వైరస్ అది. ఒకసారి వస్తే నరాల మొదట్లో నక్కి ఉండిపోతుంది. లేజరు వేడి దాన్ని నిద్రలేపుతుంది. మామూలప్పుడు పెదవి మీద నాలుగు పొక్కులతో పోయేది, పచ్చి ముఖం దొరికితే చెంపల నిండా పాకి శాశ్వతంగా గుంటలు మిగిలిస్తుంది. ఎన్నడూ పొక్కులు రానివాళ్ళలో కూడా ఈ వైరస్ ఉండవచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు లేజరుకు ముందురోజో, ఆ రోజో మొదలుపెట్టి చర్మం మూసుకునేదాకా ఏసైక్లోవిరో, వాలాసైక్లోవిరో మాత్రలు ఇస్తారు. మంట తగ్గిందని మూడో రోజు ఆ మాత్రలు మానేస్తారు మన పిల్లలు. మీరు లెక్కపెట్టి వేయించండి. చూడవచ్చిన చుట్టాల్లో ఎవరికైనా పెదవిపై పొక్కులుంటే దూరంనుంచే మాట్లాడి పంపండి.

మామూలు బాధకూ, చీము పట్టిన బాధకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మామూలు బాధ రోజురోజుకీ దిగుతుంది. రెండో రోజుకన్నా మూడో రోజు, మూడో రోజుకన్నా నాలుగో రోజు తేలికవ్వాలి. తగ్గిన మంట మళ్ళీ పెరిగినా, ఒకచోట సలుపు పెట్టినా, పసుపుపచ్చని తేనెలాంటి పక్కు కట్టినా, చెడు వాసన వచ్చినా, ఆకుపచ్చని రసి కనబడినా, జ్వరం వచ్చినా ఆ పూటే డాక్టరుకు చెప్పాలి. బాక్టీరియా అయితే ఎక్కువగా మొదటి పది రోజుల్లోనే బయటపడుతుంది. చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచినా, గుండ్రంగా పుండ్లు విడినా హెర్పీస్ అనుకుని పరుగెత్తాలి, తెల్లవారేదాకా ఆగవద్దు. కంటి దగ్గరైతే మరీ. వారం దాటాక బాగా మానుతున్న ముఖం మళ్ళీ ఎర్రబడి విపరీతంగా దురదపెడితే అది క్యాండిడా అనే బూజు కావచ్చు, రాస్తున్న మందు పడకపోవడం కావచ్చు. కొద్దిపాటి దురద మాత్రం మానేటప్పుడు ఎవరికైనా ఉంటుంది.

ఇలాంటప్పుడు మందుల షాపుకు వెళ్ళి "ముఖానికేదైనా క్రీము ఇవ్వండి" అనకండి. షాపతను స్టిరాయిడు కలిసిన క్రీము ఇస్తే రెండురోజులు ఎరుపు తగ్గి, అడుగున క్రిములు పండగ చేసుకుంటాయి. డాక్టరు చీమును దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపి, ఏ క్రిమో తేల్చి మందిస్తారు. లేజరు చేసిన చోట రాత్రిపూట ఫోనెత్తేది ఎవరో ముందే అడిగి రాసిపెట్టుకోండి. ఎత్తకపోతే దగ్గరలో ఇరవైనాలుగు గంటలూ తెరిచే పెద్దాసుపత్రి ఏదో తెలిసుండాలి. వానాకాలమైతే ఇంకోమాట. గండిపేట గేట్లు ఎత్తినప్పుడు నార్సింగి, మంచిరేవుల మధ్య సర్వీసు రోడ్డు మీదికి మూసీ నీళ్ళొచ్చి దారి మూసేస్తారు. ఆసుపత్రికి రెండో దారి కూడా తెలుసుకుని ఉంచుకోండి.

వారం గడిచింది, పొట్టు రాలింది. ముఖం లేత గులాబీ రంగులో, పసిపిల్ల బుగ్గలా ఉంది. మీకు సంతోషం. ఊరి ఎండకు కూడా సంతోషమే. హైదరాబాదులో ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అంత ఎండ మనది. లేజరు తిన్న చర్మం ఎండ తగిలితే కోపంతో రంగు పోస్తుంది, నల్లబడుతుంది. తెల్లవాళ్ళకన్నా మన చాయవాళ్ళకు ఇది చాలా ఎక్కువ. ఇంట్లోనే ఉన్నాం కదా అనుకోకండి, కిటికీ గాజులోంచి వచ్చే కిరణాలు కూడా కొంత పని చేస్తాయి. పరదాలు వెయ్యండి.

పచ్చిగా ఉన్నప్పుడు సన్‌స్క్రీను రాయకూడదు, గొడుగు, పెద్ద అంచు టోపీ, నీడ, అంతే. చర్మం మూసుకున్నాక డాక్టరు చెప్పిన రోజు నుంచి జింక్ ఆక్సైడు ఉన్న సన్‌స్క్రీను, రెండు వేళ్ళ పొడుగున తీసుకుని, ముఖానికీ మెడకూ రాయాలి. బయట ఉంటే రెండుమూడు గంటలకొకసారి మళ్ళీ. కనీసం మూడు నెలలు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఔటరు పక్కన సైకిళ్ళ దారి ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు. పైన సౌరఫలకాల కప్పు. నీడ ఉంది గదా అని అమ్మాయి సైకిలెక్కుతానంటుంది. కప్పు నెత్తిమీద ఎండనాపుతుంది గాని పక్కలనుంచి వచ్చేదాన్ని ఆపదు. దుమ్ము, చెమట ఎలాగూ ఉన్నాయి. నెల ఆగమనండి.

ఇంత జాగ్రత్తపడినా మూడు, నాలుగు వారాలకు ముఖం కాస్త నల్లబడవచ్చు. "బాగుచేయించుకోబోయి పాడుచేసుకుంది" అని ఎదురింటావిడ తప్పక అంటుంది. ఆమె మాటకి బెంగపడి తెల్లబరిచే క్రీములు కొనేవాళ్ళున్నారు. స్టిరాయిడు, హైడ్రోక్వినోను, ట్రెటినాయిను మూడూ కలిసిన క్రీముల్ని సొంతంగా నెలల తరబడి రాసుకుని చర్మం పల్చబడి, రక్తనాళాలు తేలి, మొటిమలు ఎక్కువైన ముఖాలు మన ఊళ్ళలో ఎన్నో. 2018లో కేంద్రప్రభుత్వం పద్నాలుగు రకాల స్టిరాయిడు పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆంక్ష పెట్టింది. చీటీ ఎంతమంది అడుగుతున్నారో మీకే తెలుసు. నలుపు ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే విడుస్తుంది. తొందరగా పోవాలంటే లేజరు చేసిన డాక్టరే మందు రాస్తారు.

ఇవన్నీ చదివి, ఇంకా లేజరు చేయించుకోనివాళ్ళు రెండు విషయాలు ముందే చూసుకోండి. ఒకటి, చేసేది ఎవరు. చర్మవైద్యంలో ఎండీగాని డిప్లొమాగాని ఉండి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను నంబరు బోర్డుమీద రాసుకున్న డాక్టరా, తెల్లకోటు వేసుకున్న ఇంకెవరైనానా? అడగడం అమర్యాద కాదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నా, ఇటీవలిదాకా మింగినా, మధుమేహమున్నా, దెబ్బ తగిలితే ఉబ్బెత్తు మచ్చలు కట్టే శరీరమైనా, గర్భవతైనా ఆయనకు ముందే చెప్పాలి. రెండోది, ముహూర్తం. ఫాల్గుణంలో పెళ్ళి పెట్టుకుని మాఘంలో లేజరు చేయించుకునే వాళ్ళున్నారు. ఎరుపు తగ్గడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నలుపు వస్తే ఇంకా ఎక్కువ. పైగా చుక్కల పద్ధతిలో ఒక్కసారితో సాధారణంగా సరిపోదు, నెలా రెణ్ణెల్ల ఎడంతో మళ్ళీ చేస్తారు. పెళ్ళికి ఆర్నెల్ల ముందే మొదలుపెట్టినవాళ్ళు నిదానంగా ఉంటారు.

పదో రోజున మీరు బ్యాగు సర్దుకునేముందు, పొద్దున ఎనిమిదింటికి బాల్కనీ తలుపు లోపలివైపు నిలబెట్టి, పౌడరూ అదీ లేకుండా అమ్మాయికి ఒక ఫోటో తీయండి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా రెండు. గుంటలు ఎంత పూడాయో ఆ రోజు చూసి చెప్పకండి, వాపు పూర్తిగా దిగదు, అడుగున పీచు ఇంకా అల్లుకుంటూనే ఉంటుంది. మూడు నెలల తరవాత అదే వేళకు, అదే చోట మళ్ళీ తీసి పంపమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ లోపల వారానికోసారి ఫోను చేసినప్పుడు, అన్నం తిన్నావా అన్నాక, సన్‌స్క్రీను రాశావా అని కూడా అడగండి.